బ్యాటరీకి పసుపు

శుక్రవారం పొద్దున్న మా ఆవిడ గడపకి పసుపు రాస్తున్నంతసేపూ నన్ను అరుగు దిగి వీధిలో నిలబడమంటుంది. మడీ ఆచారమూ అనుకునేరు, అదేం కాదు. పసుపు గిన్నె నా చేతికి అందితే ఎక్కడో ఒక బండి ఆగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి నేను. మొదటిసారి అర్థం కాక తప్పాను, రెండోసారి నా సంగతి నాకు అర్థమయ్యి మానేశాను. అలాంటి నా మీద ఇంతకన్నా పెద్ద నమ్మకం ఇంకెవరూ పెట్టుకోలేదు కాబట్టి, మారు మాట్లాడకుండా వెళ్ళి వీధిలో నిలబడతాను. అక్కడిదాకా తడిపసుపు వాసన వస్తుంది. దాని వెనకాలే, మా ఇంట్లో ఇంకెవరి ముక్కుకీ అందని రెండు వాసనలు వస్తాయి. ఒకటి బ్యాటరీ యాసిడ్‌ది. రెండోది, ఎండాకాలంలో గోదావరి రేవు దగ్గర బురద ఎండుతున్నప్పటి వాసన.

తొంభైల చివర్లో కొత్తపేటలో కాలవ గట్టున మా నాన్నకి మెకానిక్ షెడ్డు ఉండేది. షెడ్డంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు కొబ్బరి మొద్దులు, పైన తాటాకు, కింద ఆయిలు తాగి తాగి చీమలు కూడా జారిపడేంత నున్నగా తయారైన నల్లటి నేల. ఓ పక్క కాలవలో నానేసిన కొబ్బరి పీచు కుళ్ళు వాసన, మరో పక్క కాకా హోటల్లో పెసరట్టు మీద పడ్డ అల్లం వాసన, మధ్యలో మా డీజిలు. మూడూ కలిసి వచ్చే ఆ గాలి పీలిస్తే ఆకలో కడుపులో తిప్పడమో తేలేది కాదు. అమ్మ క్యారేజీలో పనసపొట్టు కూర ఆవపెట్టి పంపేది. నాన్నా నేనూ కిరసనాయిలుతో చేతులు కడుక్కుని తినేవాళ్ళం, అందుకని ఆ ఘాటులో ఆవాల వాటా ఎంతో కిరసనాయిలు వాటా ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు. ఊళ్ళో పిల్లలు గాజు గోలీలతో ఆడుతుంటే నేను అరిగిన బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గోలీలతో దిగేవాణ్ణి. నా మొదటి దెబ్బకే అవతలివాడి గోలీ రెండు చెక్కలై, ఆట అయిపోయి తగువు మొదలయ్యేది. ముంజల రోజుల్లో ముంజలు, పూతరేకుల రోజుల్లో పూతరేకులు, ఏవి తిన్నా నా వేళ్ళ గుర్తులు వాటి మీద నల్లగా అచ్చుపడేవి. పోలీసులకి అంత సుఖమైన దొంగ దొరకడు.

ఆ షెడ్డులోకి ఒక మాఘమాసం పొద్దున్న, రెండెడ్లు లాక్కుంటూ కామేశ్వరమ్మగారి కారు వచ్చింది.

కామేశ్వరమ్మగారు మా ఊరి పెద్ద రైతుగారి భార్య. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆయన కొన్న కారు అది. ఇంగ్లండు నుంచి ఓడ మీద వచ్చిందట, నల్లగా, తాబేలు వీపులా గుండ్రంగా ఉండేది, ముందు మడ్‌గార్డులు చూస్తే ఏనుగు తలకాయ గుర్తొచ్చేది. ఆ చుట్టుపక్కల ఇంకో కారు లేని రోజుల్లో ఊరి కోడళ్ళు చాలామంది పురుటికి అందులోనే అమలాపురం ఆసుపత్రికి వెళ్ళేవారు. మా నాయనమ్మనీ అలాగే తీసుకెళ్ళారు గానీ, మా నాన్నకి మొదట్నించీ ఓపిక తక్కువ. కారు లాకుల దగ్గరికి వచ్చేసరికే వెనక సీట్లో పుట్టేశాడు. అందుకని కామేశ్వరమ్మగారు ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు, "కారులో పుట్టినోడా" అనేవారు. మీసాలు నెరుస్తున్న మా నాన్న నడిబజార్లో ఆ పిలుపుకి "ఆయ్, అమ్మగారూ" అని తలొంచుకుని నిలబడేవాడు.

పెద్ద తుఫానులో కొబ్బరిచెట్లు పడి ఆ కారు ఉన్న పాక కూలిపోయింది. రెండు రోజులు నీళ్ళలో నానిన ఇంజను మట్టి మింగి బిగుసుకుపోయింది. సామాను దొరకదు. పాత ఇనప సామాన్లవాళ్ళు వచ్చి చుట్టూ తిరిగి, తలుపు మీద గోళ్ళతో తట్టి చూసి వెళ్తున్నారు. అప్పుడు ఆవిడ ఎడ్లు కట్టించి మా షెడ్డుకి తోలించారు, వెనకాలే రిక్షాలో తనూ వచ్చారు.

అయితే అప్పటికే మా ఇంట్లో ఇంకో ప్రయాణం సిద్ధంగా ఉంది. మా వీధిలో ఏ గుమ్మంలో అడిగినా ఒకరు మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉండేవారు. కొత్త బళ్ళన్నీ టౌను గ్యారేజీలకి పోతుండటంతో మా షెడ్డులో పని పలచబడింది; నాన్న పాస్‌పోర్టు తీయించి ట్రంకుపెట్టె అడుగున పెట్టుకున్నాడు. మస్కట్‌లో ఏదో గ్యారేజీలో పని అని ఏజెంటు రెండుసార్లు మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "మీరు ఊ అంటే చాలండి" అని చెప్పి వెళ్ళాడు. వెళితే మూడేళ్ళు తిరిగి రావడం ఉండదు. ఈ సంగతి కామేశ్వరమ్మగారికీ తెలిసింది.

"ఏరా, మస్కట్ వెళ్ళిపోతన్నావంటగా?" అన్నారు రిక్షా దిగకుండానే.

"ఆయ్. ఇక్కడ పనేం లేదండమ్మగారూ."

"ఇదిగో, పని తోలుకొచ్చేను. ఇందులో పుట్టినోడివి, దీన్ని నడిపించి అప్పుడెళ్ళు."

నాన్న బానెట్ ఎత్తి చూసి, "దీని గుండె పనికిరాదండి. వేరేది మార్చాలండి," అన్నాడు.

"మార్చు. మీ అయ్యగారికి మార్చేవాడు దొరక్కే కదా నేనిలా ఒక్కదాన్నీ తిరుగుతన్నాను," అన్నారావిడ, విసనకర్రతో ఈగని తోలినంత తేలిగ్గా. "బాగయ్యేక నన్ను రేవులో పంటెక్కించి, గోదారి దాటించి, ద్రాక్షారం భీమేశ్వరుణ్ణి చూపించి తీసుకురా. ఆయనతో కలిసి ఆఖరుసారి వెళ్ళింది అక్కడికే."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాన్న అమ్మతో చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పాఠాలకి ఆ అదృష్టం పట్టలేదు. "రాజోల్లో ఒకాయన దగ్గర ఇలాంటి పాత కారే ఉంది. అమలాపురంలో ఇంకో రెండున్నాయి. ఇది నడుస్తుందో లేదో చూసి ఇద్దామని కూచున్నారు. ఇది ద్రాక్షారం వెళ్ళి తిరిగొచ్చిందా, నాకు ఇక్కడే పని. లేదంటే ఏజెంటుకి ఊ అంటాను."

"ఊ అనడానికేముంది, నోరుంటే చాలు. ముందు బండి సంగతి చూడండి," అంది అమ్మ, అవసరం లేకపోయినా ఆయన కంచంలో ఇంకో గరిటె పులుసు పోస్తూ.

అప్పట్నించీ ఆ కారు నాకు కారులా కనిపించలేదు. నాన్న కాలికి కట్టిన పలుపుతాడులా కనిపించింది. తెగకుండా చూసుకోవడం నా బాధ్యత అనుకున్నాను. తెంపబోయేది కూడా నేనేనని అప్పటికి నాకు తెలీదు.

రావులపాలెం దగ్గర ఒక జీపు కాలవలో పల్టీ కొట్టి చపాతీ అయింది గానీ దాని డీజిల్ ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న దాన్ని తెచ్చాడు. మూడు కొబ్బరి మొద్దులు ముక్కాలిపీటలా నిలబెట్టి, మధ్యలో గొలుసు కప్పీ వేలాడదీసి, పాత ఇంజన్ని పుచ్చుపన్ను లాగినట్టు లాగి పక్కన పెట్టాం. కొత్తది దింపబోతే నాలుగు వేళ్ళు పొడుగైంది. పొడుగు తగ్గించడానికి అదేమైనా పంట్లామా? రేడియేటరు ముందుకి జరిపాడు. జరిపితే బానెట్ మూతపడలేదు. బానెట్ సరిచేస్తే గేరుబాక్సు కిందికి పట్టలేదు. దానికోసం కారు నేల కోసి, రేకుతో కొత్త గూడు కట్టాడు. చక్రాలకి బలం తీసుకెళ్ళే పొడుగాటి రాడ్డుని అమలాపురం లేతు మిషను దగ్గర కోయించి అతికించాడు. అన్నీ అయ్యాక దింపితే, కొత్త ఇంజను బరువుకి కారు ముందుకి వంగి వచ్చేపోయేవాళ్ళందరికీ నమస్కారం పెడుతున్నట్టు నిలబడింది. దానికి ముందు చక్రాల కమాను స్ప్రింగుల్లో ఒక్కో బద్ద ఎక్కువ వేశాడు. నాన్న చెయ్యి దూరని సందుల్లో బోల్టులు బిగించింది నేనే. స్కూల్లో ఏ ప్రశ్నకీ పైకి లేవని ఆ చెయ్యి అక్కడ మహా చురుగ్గా పనిచేసింది.

కామేశ్వరమ్మగారు రోజూ మధ్యాహ్నం వచ్చి తాటాకు నీడలో పేము కుర్చీ వేయించుకునేవారు. వెంట ఓ డబ్బాలో సున్నుండలో కొబ్బరి లౌజో ఉండేది. పని జరిగిన రోజున చెరొకటి ఇచ్చేవారు. జరగని రోజున "ఆలోచించేరు కదా, అదీ పనే" అని రెండేసి ఇచ్చేవారు. ఇలాంటి మేనేజరు కింద పనిచేయడం వల్లే నాకు ఆ తర్వాత ఎవరి దగ్గరా ఉద్యోగం చెయ్యబుద్ధి కాలేదు.

ఇంక వైరింగు. పాత తీగలకి గుడ్డ చుట్టి ఉండేది, ముట్టుకుంటే అప్పడంలా పొడైపోయింది. పైగా ఆ రోజుల్లో బ్యాటరీ ప్లస్సుని కారు బాడీకి కట్టేవారట. ఇప్పుడు మైనస్సుని కడతాం. బ్యాటరీ కూడా పాతదానికి రెట్టింపు బలం ఉన్నది కావాలి. అంటే ఒక్క దీపం కూడా పాత దారిలో వెలగదు, అన్నీ మొదట్నించీ వేయాల్సిందే. నాన్న దానికి బొమ్మ గీసుకోవడానికి కాగితం అడిగితే నేను నా లెక్కల నోట్సు ఇచ్చాను. ఎలాగూ ముప్పావు భాగం తెల్లగానే ఉంది. ఆ పుస్తకం మొత్తంలో తప్పు లేని పేజీ నాన్న గీసినదొక్కటే. ఆ బొమ్మ చూపించి నన్ను అప్పజెప్పమనేవాడు. హెడ్‌లైటుకి ఏ రంగు తీగ? హారనుకి? స్టార్టరుకి వెళ్ళే లావు తీగ ఎక్కణ్ణించి ఎక్కడికి? ఎక్కాలు రాని నోటికి రంగులన్నీ వచ్చేశాయి. నా జీవితంలో నేను పాసైన పరీక్ష అదే. పేపరు దిద్దింది మా నాన్నే అయినా, కాపీ మాత్రం కొట్టలేదు.

ముంజలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం నాన్న తాళం తిప్పాడు. కారు రెండుసార్లు దగ్గి, షెడ్డంతా నల్లపొగ కమ్మేసి, గడగడమని అందుకుంది. కాకా హోటల్లో వాళ్ళు గ్లాసులతో సహా బయటికి వచ్చేశారు. కామేశ్వరమ్మగారు కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. పాత ఇంజను పిల్లి గురక పెట్టినట్టు ఉండేదట.

"గొంతు మారిపోయిందిరా," అన్నారు.

నాన్న మొహం చిన్నబోయింది.

"మీసాలొస్తే మగపిల్లాడి గొంతు మారదూ? అంతే. బానే ఉంది," అన్నారు, పమిటతో కళ్ళొత్తుకుంటూ. పొగ వల్లేనని అందరం ఒప్పుకున్నాం.

ద్రాక్షారం ప్రయాణానికి ముందుగా ఐనవిల్లి వినాయకుడి దగ్గర బండికి పూజ చేయించాం. పూజారిగారు బానెట్ మీద స్వస్తిక్ వేసి, స్టీరింగుకి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మిగిలిన పసుపు, గంధం ఆకులో పొట్లం కట్టి నా చేతికిచ్చారు. అక్కణ్ణించి ముక్తేశ్వరం రేవు. రెండు పడవల మీద పలకలు పరిచిన పంటు అప్పుడే అవతల నుంచి వచ్చింది. కారు బల్లల మీదుగా పైకెక్కి, అందరికన్నా ముందు వరసలో నిలబడింది. వెనకాల స్కూటర్లు, గడ్డి బండి, కొబ్బరికాయల గోతాలు. ఆ స్కూటర్లలో ఒకటి రాజోలు కారాయనది. మా బండి రేవు దాటుతుందో లేదో స్వయంగా చూసుకోవడానికే వచ్చాడు. నాన్న ఇంజను ఆపి, ఆయనతో మాట్లాడటానికి పంటు అవతలి చివరికి వెళ్ళాడు. కామేశ్వరమ్మగారు వెనక సీట్లోంచి గోదావరిలోకి చిల్లర వేసి దణ్ణం పెట్టుకున్నారు. పెట్టుకుని నన్ను పిలిచారు.

"ఒరే సూరీ, అన్నిటికీ బొట్టు పెట్టేరు గానీ, ఆ కరెంటు పెట్టెకి పెట్టేరా?"

పెట్టలేదు. ఇంత పూజ చేయించి, బండికి ప్రాణం పోసే బ్యాటరీని వదిలేశామే! దాని మీద చిన్న బొట్టు పెట్టి ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ మా ఇంట్లో గడపకి పసుపు రాసే పని చిన్నప్పట్నించీ నాకే ఉండేది. పైపైన పులిమితే మా నాయనమ్మ వేలితో మూలల్లో గీకి చూసి, "చెక్కకి రాయమన్నానా, దుమ్ముకి రాయమన్నానా? సందుల్లోకంటా వెళ్ళాలి," అని మళ్ళీ రాయించేది. ఆ శిక్షణ ఊరికే పోతుందా? బానెట్ ఎత్తి, స్పానరు తీసుకుని, బ్యాటరీ రెండు కొమ్ముల మీదా తీగలు బిగించి ఉన్న బిళ్ళలు ఊడదీశాను. తడిపసుపులో గంధం కలిపి, కొమ్ములకి చుట్టూ దట్టంగా మెత్తాను. బిళ్ళల లోపలికి కూడా వేలు పెట్టి రాశాను. మళ్ళీ గట్టిగా బిగించాను. మా నాయనమ్మ చూసి ఉంటే మెచ్చుకునేది.

పంటు కోటిపల్లి రేవులో ఆగింది. నాన్న వచ్చి కూర్చుని తాళం తిప్పాడు. టిక్ మంది. మళ్ళీ తిప్పాడు. ఆ టిక్కు కూడా నీరసంగా వచ్చింది.

ముందున్నది మేం. మేం దిగితే గానీ వెనక ఒక్క చక్రమూ కదలదు. తోసి స్టార్ట్ చేద్దామంటే ముందు ఎత్తుకి వాలుగా వేసిన బల్లలు, వాటి తర్వాత ఇసక.

"హేండిలేసి తిప్పండి మేస్త్రీగారూ!" అన్నాడొకడు.

"హేండిలెక్కడిదండీ, అది పాత గుండెతో పాటే పోయింది," అన్నాడు ఇంకొకడు.

"ఎడ్లని విప్పమంటారా? దీనికి అలవాటేనంటగా!" అన్నాడు గడ్డి బండివాడు. పంటంతా గొల్లుమంది. మామూలుగా అయితే ఆ మాట నేను అనాల్సింది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. రాజోలు కారాయన నవ్వకుండా స్కూటరు మీదే కూర్చుని వాచీ చూసుకున్నాడు. అది నవ్వుకన్నా భయంకరంగా ఉంది. నాకు ట్రంకుపెట్టె అడుగునున్న పాస్‌పోర్టు కనబడింది, కాఫీ గ్లాసు కింద పెడుతున్న ఏజెంటు కనబడ్డాడు. చేతులు నిక్కరు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

నాన్న వైరింగు బొమ్మలో గీసుకున్న వరసలోనే వెళ్ళాడు. హెడ్‌లైటు వేసి చూశాడు, మిణుకుమంది. హారను నొక్కాడు, మూలిగింది. దిగి బానెట్ ఎత్తి, బ్యాటరీ మీదికి వంగాడు. స్పానరుతో ఒక బిళ్ళ ఊడదీశాడు. ఆయన వీపు తప్ప నాకేం కనబడలేదు, కానీ ఆ వీపుకి అన్నీ తెలిసిపోయాయని నాకు తెలిసింది.

వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. పంటు అంచు నుంచి వంగి పిడికెడు గోదావరి ఇసక తీసి, బట్టలో వేసుకుని, కరెంటుకి అడ్డుపడ్డ పసుపు పొర పోయేదాకా ఆ కొమ్ములు రెండూ అంట్లు తోమినట్టు తోమాడు. చొక్కా అంచుతో పొడిగా తుడిచాడు. బిగించాడు. బానెట్ వేసి, అందరికీ వినబడేలా, "ఏం లేదండి, కనక్షన్ లూజయ్యింది. నేనే సరిగ్గా బిగించలేదు," అన్నాడు.

తన షెడ్డు బతకాలో పోవాలో తేలే చోట, రాజోలు కారాయన ఎదురుగా, తప్పు తన మీద వేసుకున్నాడు.

తాళం తిప్పితే కారు ఒక్క దగ్గుకే అందుకుంది. బల్లలెక్కి, ఇసక దాటి, రోడ్డెక్కి, కామేశ్వరమ్మగారు వెనక సీట్లో మాకెవరికీ తెలియని ఏవో పాత సంగతులు తనలో తాను చెప్పుకుంటుండగా ద్రాక్షారం వెళ్ళి, పొద్దు వాలకముందే తిరిగి రేవు చేరింది. వారం తిరక్కుండా రాజోలు కారు మా షెడ్డుకొచ్చింది. మూడోసారి వచ్చిన ఏజెంటుకి అమ్మ కాఫీ ఇవ్వలేదు, మజ్జిగిచ్చింది, అతనికి అర్థమైంది. నాన్న పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర కూడా పడకుండానే గడువు తీరిపోయింది.

ఇప్పుడా షెడ్డు నాది. తాటాకు పోయి రేకులొచ్చాయి. కొబ్బరి పీచు ఎవరూ నానెయ్యడం లేదు, కాకా హోటలు స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టుంది. బళ్ళ జబ్బు కంప్యూటరు చెబుతుంది, నేను అవునంటాను. కామేశ్వరమ్మగారు పోయాక వాళ్ళ బంధువులు కారుని హైదరాబాదు తీసుకెళ్ళారు. ఏదో హోటలు ముందు పూలకుండీల మధ్య, ఇంజను లేకుండా నిలబెట్టారట. సున్నుండలిచ్చే మేనేజర్లు ఎక్కడా లేరు. ఏజెంటుకి ఊ అనకుండా నాన్నని ఇక్కడే ఉంచిన ఆ గోదావరి ఇసకకి, ఆ ఒక్క అబద్ధానికీ, నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నేను నేర్చుకున్న పనంతా ఆయన ఉండిపోయిన ఆ ఏళ్ళలో నేర్చుకున్నదే.

మొన్నామధ్య నాన్న షెడ్డుకొచ్చి కుర్చీలో కూర్చుంటే, ఇన్నేళ్ళకి ధైర్యం చేసి చెప్పేశాను. "నాన్నా, ఆ రోజు పంటు మీద బ్యాటరీకి పసుపు రాసింది నేనే. నువ్వు తుడిచావు కాబట్టి సరిపోయింది, లేకపోతే కారూ నడిచేది కాదు, నువ్వూ ఇక్కడ ఉండేవాడివి కాదు."

నాన్న కళ్ళజోడు తీసి, నెమ్మదిగా తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ నిక్కరు జేబులు రెండూ పచ్చగా ఉంటే నాకు తెలీదేంట్రా? కారు నడిచిందని ఉండిపోయేననుకుంటన్నావా? నడిచే బండిని ఎవడైనా చూసుకుంటాడు. నిన్నొదిలేసి మస్కట్ వెళ్ళేనంటే, నేను తిరిగొచ్చేలోగా కోనసీమలో ఉన్న బ్యాటరీలన్నిటికీ పసుపు పారాణీ పెట్టి పేరంటం చేసేద్దువు!"